గట్టుపాలెం మైకులో గొంతు నాదే

నందిగామలో గట్టుపాలెం సంగతి విచారిస్తున్న అధికారి గారికి,

ముందుగా నా రాతను క్షమించాలి. ఐదో తరగతితో బడి మానేశాను. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఎక్కడ పెట్టకూడదో నాకు సరిగా తెలియదు. అక్షరాలు కూడా ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా వస్తాయి. నోటితో చెప్పలేను కాబట్టి రాస్తున్నాను. మొన్న సోమవారం మీ గదిలో మీరు నన్ను మర్యాదగానే అడిగారు. "ఇది నువ్వు చెప్పిందేనా అమ్మా?" అన్నారు. గది నిండా మగవాళ్లు ఉన్నారు. నేను తల ఊపాను. "ఇష్టంతోనే సంతకం చేశావా?" అన్నారు. మళ్లీ తల ఊపాను. మీరు అవును అని రాసుకున్నారు. తప్పు మీది కాదు. నలుగురి ముందు నాకు గొంతు రాదు. తల మాత్రం ఊగుతుంది.

నా పేరు షేక్ రమీజా. వయసు ఇరవై రెండు. భర్త పేరు షేక్ ఐజాజ్. మాది జగ్గయ్యపేట. మేము దూదేకులవాళ్లం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. మా మామ ఇమాం పరుపులు కుడతాడు. నేను దిండ్లకు గలీబులు కుడతాను. ఇంటి పని చేస్తాను. ఇవి కాక ఇంకో పని ఉంది. అది ఇన్నాళ్లూ బయటివాళ్లకు తెలియదు.

మా ఆయనకు మైకు ఆటో ఉంది. పైన రెండు హారన్లు, వెనక ఆంప్లిఫయర్. జగ్గయ్యపేటలో కొత్త చీరల కొట్టు తెరిచినా, ఊళ్లలో కంటి పరీక్షల శిబిరం పెట్టినా, పిల్లవాడు తప్పిపోయినా, ఎవరైనా కాలం చేసినా ఆ ఆటోలోనే చెప్పిస్తారు. అందులో వినిపించే ఆడగొంతు నాది. పెళ్లయిన కొత్తల్లో నేను వంటింట్లో సినిమా పాట పాడుకుంటుంటే ఆయన విని, ఒక చీరల కాగితం ఇచ్చి చదవమన్నాడు. ఎదురుగా ఆయన ఉన్నా నాకు మాట రాలేదు. మా మామ పరుపులు పేర్చే గదిలోకి వెళ్లి, రెండు దొంతరల మధ్య కూర్చుని, ఫోను నోటి దగ్గర పెట్టుకుని చదివాను. అక్కడైతే వచ్చింది. చుట్టూ దూది ఉంటే గొంతు తిరిగి నా చెవికి రాదు. ఎవరో వింటున్నారన్న భయం ఉండదు. అప్పటినుంచి అక్కడే చదువుతున్నాను.

"నలుగురిలో నోరు పెగలదు గానీ, మైకులో మాత్రం ఊరందరికీ చీరలు కట్టిస్తది" అని మా అత్త సర్దార్‌బీ నవ్వేది. కోడలి గొంతు వీధుల్లో వినిపిస్తోందని తెలిస్తే బంధువులు ఏమంటారోనని ఎవరికీ చెప్పనివ్వలేదు. అందరూ విజయవాడ నుంచి ఎవరో అమ్మాయి చదివి పంపుతుందని అనుకునేవాళ్లు.

మా పద్ధతి కూడా చెప్పాలి, ఎందుకంటే కేసంతా దానిమీదే ఉంది. నేను ఒకే కాగితాన్ని రెండు మూడుసార్లు చదువుతాను. మొదటిసారి తడబడతాను. రెండోసారి దగ్గు వస్తుంది, లేకపోతే మా మామ మిషన్ వేస్తాడు. బాగా వచ్చాక ఆపేస్తాను. మా ఆయన ఎప్పుడూ చివరిది ఒక్కటే తీసుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటాడు. విని చూడడు. హారన్లు నెత్తిమీదే మోగుతాయి కాబట్టి ఆటో తోలేటప్పుడు రెండు చెవుల్లోనూ బూరుగు దూది పెట్టుకుంటాడు. ఏ ఊళ్లో ఏం మోగుతోందో అందరికన్నా ఆఖరున తెలిసేది ఆయనకే. ఇది గుర్తుపెట్టుకోమని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

గట్టుపాలెం నా పుట్టిల్లు. నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మ పోయింది. తరవాత నాన్న పోయాడు. పక్కింటి ఆదెమ్మ నాకు తల దువ్వి, అన్నం పెట్టి, పెళ్లి దాకా పెంచింది. ఆవిడది వేరే కులం, వేరే దేవుడు. నేను పెద్దమ్మా అనేదాన్ని. ఆవిడ నన్ను బుడ్డీ అని పిలిచేది. ఆవిడకు పిల్లలు లేరు. ఒక గేదె ఉంది. నాకు పుట్టిల్లు అంటే ఆ ఇల్లూ ఆ గేదే.

ఊరికి ఆనుకుని సున్నపురాయి గని ఉంది. నా చిన్నప్పుడు గుంట కింద లారీలు కనిపించేవి. ఇప్పుడు అంచున నిలబడి చూస్తే లారీలు కూడా అగ్గిపెట్టెల్లా ఉంటాయి. నీళ్లు ఊరుతుంటాయి, పగలూ రాత్రీ మోటార్లతో తోడి పోస్తుంటారు. మధ్యాహ్నం సైరన్ వేసి మందుగుండు పేలుస్తారు. దానికి ఊరు అలవాటుపడింది. కానీ దసరా వెళ్లాక పేలుడు లేనప్పుడు కూడా నేల అదరడం మొదలైంది. అటకమీద గిన్నెలు గలగలమనేవి. గోడలు నెర్రెలిచ్చాయి. ఊళ్లో దాన్ని కంపెనీ అదురు అనేవాళ్లు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు, అందరూ అదే అనేవాళ్లు. అలా అన్నన్నాళ్లూ అందరికీ కోపంగా ఉండేది. చలికాలమైనా మంచాలు వీధిలో వేసుకుని పడుకున్నారు. మా మామ పాత పరుపులు కొన్ని పంపించాడు. రైతు వరప్రసాదరావు గారు ఇంటింటికీ తిరిగి, నందిగామ వెళ్లి అర్జీ ఇద్దామని మనుషుల్ని కూడగట్టాడు.

అప్పుడే జెరూషా గారని భూకంపాల సంగతి చదువుకున్న ఒకావిడ వచ్చి బడిలో నేల అదురును పట్టే మిషన్ పెట్టింది. నేను పెద్దమ్మను చూడటానికి వెళ్లిన రోజు ఆవిడ ఆడవాళ్లతో మాట్లాడుతోంది. "ఇప్పటిదాకా మాకు కనిపించిన దాన్నిబట్టి ఇది గని దగ్గరే పుడుతోందమ్మా" అంది. "పైనుంచి అంత రాయి తీసేసి, నీళ్లు తోడేస్తే కింద ఉన్న బరువు మారుతుంది. ఖాయంగా చెప్పడానికి ఇంకా టైము పడుతుంది. ఈలోపు పగిలిన గోడల కింద మాత్రం ఉండకండి." పెద్దమ్మ ఆవిడను, "మరి ఆపితే ఆగిద్దంటావా?" అని అడిగింది. "ఆపి చూస్తేనే తెలుస్తుంది" అంది ఆవిడ. నాకు చదువు లేదు. గని వల్లనా కాదా అన్నది పెద్దవాళ్లు తేల్చాలి. ఆవిడ అన్న మాటలు మాత్రం ఇవే. నేను ఒక్కటి కలపలేదు, ఒక్కటి తీయలేదు.

డిసెంబరు మొదట్లో కిషోర్‌బాబు గారు మా ఇంటికి వచ్చారు. కంపెనీ తరఫున ఊళ్లవాళ్లతో మాట్లాడటం ఆయన పని. బందరు లడ్డూలు తెచ్చారు. మంచి మనిషిలాగే మాట్లాడతారు. మా అత్తను అమ్మా అన్నారు. నేను తలుపు పరదా వెనక ఉన్నాను. ఆయన తెచ్చిన కాగితం మా ఆయన లోపలికి అందించాడు. అందులో ఇలా ఉంది:

"గట్టుపాలెం గ్రామ ప్రజలకు విజ్ఞప్తి. ఈ మధ్య మన ప్రాంతంలో వస్తున్న స్వల్ప కదలికలు భూమి సహజంగా సర్దుకోవడం వల్ల వస్తున్నవే. నేలతల్లి అప్పుడప్పుడూ ఒళ్లు విరుచుకుంటుంది. ఎవరూ భయపడవద్దు. పుకార్లు నమ్మవద్దు. నిశ్చింతగా మీ ఇళ్లలోనే ఉండండి."

నేను చదివి మా అత్త చెవిలో ఒక మాట అడిగాను. ఆవిడ పైకి అడిగింది.

"మా కోడలు అడగతందండీ, ఇళ్లు గట్టిగా ఉన్నయ్యో లేదో ఎవరన్నా వచ్చి చూశారా అని."

కిషోర్‌బాబు గారు పెద్దగా నవ్వారు. "మీ కోడలు ఇంజినీరింగు చదవాల్సిందమ్మా. చూస్తారు, చూస్తారు. ముందు జనం కుదుటపడాలి గదా."

"గని పేరు ఎక్కడా లేదేందండీ?" అన్నాడు మా ఆయన.

"ఎందుకండీ తలనెప్పి? మనమేమన్నా అబద్ధం చెప్తన్నామా? నేల కదుల్తందనే గదా చెప్తంది. చూడండి ఐజాజ్ గారూ, ఈ పనిలో నాకు చానా అనుభవం. భూకంపం అన్నామనుకోండి, నలుగురు గుండాగి పోతారు. కంపెనీ అదురు అంటే కర్రలుచ్చుకుని వస్తారు. భూమి సర్దుకుంటంది అంటే అన్నం తిని పడుకుంటారు. అదురు అదే. మాటలోనే ఉంది అంతా." తరవాత పరదా వైపు తిరిగి, "మెత్తగా చదవమ్మా, పిల్లని నిద్రపుచ్చినట్టు" అన్నారు.

నేను మెత్తగానే చదివాను. పరుపుల మధ్య కూర్చుని మూడుసార్లు చదివాను. మూడోది చాలా బాగా వచ్చింది.

అది రెండు రోజులు గట్టుపాలెంలో మోగింది. ఆ శుక్రవారం నేను మా ఆయన ఆటోలోనే ఊరికి వెళ్లాను. చిల్లర కొట్టు అరుగు మీద వరప్రసాదరావు గారూ ఇంకొందరూ కూర్చుని ఉన్నారు. అర్జీ సంగతి ఏమైందని మా ఆయన అడిగాడు.

"ఎవరికిచ్చేదయ్యా అర్జీ? నేలతల్లి ఒళ్లు విరుచుకుంటంటే పైవాడికియ్యాలి" అన్నాడాయన. అందరూ నవ్వారు. ఒకాయన, "మా ఇంటావిడ ఒళ్లు విరుచుకున్నా ఇల్లు అదురుద్ది, దానికి ఎవర్ని అడుగుతాం" అన్నాడు. ఇంకా నవ్వారు.

నేను ఆటో వెనక కూర్చుని ఇదంతా విన్నాను. ఆ నవ్వు చూసి అప్పుడు నాకు సంతోషం కూడా కలిగింది. భయపడుతున్నవాళ్లు నా గొంతు విని నవ్వుతున్నారని అనుకున్నాను. వారం కిందట ఇదే అరుగు మీద వీళ్లే ఎంత కోపంగా ఉన్నారో నాకు గుర్తుంది. అదురు తగ్గలేదు. ఆ రోజు పొద్దున కూడా వచ్చిందట. నెర్రెలు పూడలేదు. అర్జీ ఒక్కటే ఆగిపోయింది. వీధిలో మంచాలు లేవు. మా మామ పంపిన పరుపులు చుట్టి అరుగుల మీద పెట్టారు.

పెద్దమ్మ నన్ను చూసి చేతులు కడుక్కుని వచ్చింది. బుగ్గ గిల్లింది.

"ఎంత ముద్దుగా చెప్పావే బుడ్డీ! ఊళ్లో అంతా బెజవాడ పిల్లంటన్నారు. నాలో నేను నవ్వుకున్నా. ఆ పిల్లకి తలదువ్వింది నేనే, నాకు తెల్వదా ఆ గొంతు?"

నేను ఉలిక్కిపడ్డాను. "ఎవరికన్నా చెప్పావా పెద్దమ్మా?"

"నేనెందుకు చెప్తానే. మీ అత్త ఊరుకుంటదా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తరవాత నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి చూపించింది. మంచం గోడవారగా వేసుకుంది. ఆ గోడ సున్నపు రాళ్లూ మట్టీ పెట్టి కట్టింది. పైనుంచి కిందకు నెర్రె ఉంది. అందులో పేపరు ముక్కలు కూరి, పైన పేడతో అలికింది.

"చలికి చచ్చిపోతన్నానే బయట. ఆ మైకులో వేరే ఎవరన్నా చెప్తే నమ్మేదాన్ని కాదు. లోపల పడుకోవచ్చు గదా? నువ్వు చెప్పావు గదా?"

నేను తల ఊపాను.

అక్కడ మగవాళ్లు లేరు. కొత్తవాళ్లు లేరు. పెద్దమ్మ ఒక్కతే ఉంది. పెద్దమ్మ దగ్గర నాకు గొంతు బాగానే వస్తుంది. అయినా తల ఊపాను. అవి నా మాటలు కావు పెద్దమ్మా, ఒకాయన రాసిచ్చినవి, ఆయన ఈ గోడ చూడలేదు అని చెప్పి ఉండొచ్చు. అంతకన్నా పెద్ద మాటేమీ అక్కర్లేదు. ఆ ఒక్కటీ చెప్పలేదు.

గేదెను కొట్టంలో కట్టేయాలని ఆవిడ లాగింది. అది రాలేదు. కాళ్లు నేలకు తన్నిపెట్టి నిలబడింది. "దీనికి కూడా చెప్పవే మైకులో" అంది పెద్దమ్మ. ఇద్దరం నవ్వుకున్నాం. గేదెను బయటే వేపచెట్టుకు కట్టేసింది.

డిసెంబరు పద్దెనిమిది, గురువారం. మధ్యాహ్నం సైరన్ మోగింది, పేలుడు అయిపోయింది. పెద్దమ్మ అన్నం తిని పడుకుంది. కాసేపటికి నేల గట్టిగా అదిరింది. జగ్గయ్యపేటలో మా ఇంట్లో కూడా పరుపుల దొంతర ఒకటి పక్కకు ఒరిగింది. "ఇదేందమ్మా ఇట్ట కదిలింది" అంది మా అత్త. నేను "భూమి సర్దుకుంటందంట అత్తా" అన్నాను. నా నోటితోనే అన్నాను. అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట.

సాయంత్రం మా ఆయన వచ్చి చెప్పాడు. మేము గట్టుపాలెం వెళ్లేసరికి పెద్దమ్మను బయట చాప మీద పడుకోబెట్టారు. గోడ మొత్తం మంచం మీద పడింది. ఆవిడ కప్పుకున్న బొంత నేను కుట్టింది. అది చిరిగి దూదంతా రాళ్ల మీద, వేపచెట్టు మీద, గేదె వీపు మీద తెల్లగా అంటుకుంది. గేదె బతికే ఉంది. దానికి నా మాట అర్థం కాదు కాబట్టి బతికింది.

మర్నాడు కిషోర్‌బాబు గారు ఇంకో కాగితం పంపారు. "పాత గోడ కూలి వృద్ధురాలు ఆదెమ్మ మరణించడం విచారకరం. ఇది ప్రకృతి వైపరీత్యం. దీన్ని ఇతర విషయాలతో ముడిపెట్టే పుకార్లు నమ్మవద్దు. ప్రజలు ఎప్పటిలాగే ప్రశాంతంగా ఉండాలి." ఇదే గొంతుతో చదివించమని మా ఆయనకు ఫోనులో మరీమరీ చెప్పారట. ఆ గొంతు జనానికి అలవాటైందని అన్నారట.

నేను పరుపుల గదిలోకి వెళ్లాను. మొదటిసారి కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివాను. ఆదెమ్మ అన్నచోట తడబడ్డాను. రెండోసారి కూడా ఉన్నది ఉన్నట్టే చదివాను. అది బాగా వచ్చింది. అక్కడితో ఆపేయవచ్చు. కాగితం మడిచి పరుపు కింద పెట్టాను. మూడోసారి కాగితం లేకుండా మాట్లాడాను. ఇలా మాట్లాడాను:

"గట్టుపాలెం వాళ్లందరికీ. చీరల మైకులో మాట్లాడే మనిషిని నేను. మొన్న భూమి సర్దుకుంటందని, ఇళ్లలో ఉండమని చెప్పింది నేనే. అవి నా మాటలు కావు, రాసిస్తే చదివాను. మీ గోడలు చూసి చెప్పిన మాట కాదు. ఎవరూ చూడలేదు. ఆదెమ్మ పెద్దమ్మ నా మాట నమ్మి లోపల పడుకుని చచ్చిపోయింది. అదురు గని దగ్గర పుడతందని బడిలో మిషన్ పెట్టినామె మనతో చెప్పింది. ఖాయంగా తేలేదాకా నెర్రెలిచ్చిన గోడల దగ్గర పడుకోకండి. నేలతల్లిని ఏం అడగలేం. గని తవ్వింది మనుషులు. మనుషుల్ని అడగొచ్చు. ఆపి చూడమని అడగండి."

బయటికి వచ్చి మా ఆయనకు ఫోను ఇచ్చి, "అయిపోయింది" అన్నాను. ఆయన నా మొహం చూసి, "ఏడ్చావా? మొహం కడుక్కో" అన్నాడు. చివరిది తీసుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాడు. చెవుల్లో దూది పెట్టుకుని వెళ్లాడు.

తరవాత జరిగింది మీకు తెలుసు. గట్టుపాలెంలో రెండు వీధులు తిరిగేలోపే జనం ఆటో వెనక నడవడం మొదలుపెట్టారు. మా ఆయన, పెద్దమ్మ కోసం వస్తున్నారనుకున్నాడట. వరప్రసాదరావు గారు ఆటో ఆపి ఆయన చెవిలో దూది లాగి, "ఏం మోగుతుందో ఇన్నావా?" అన్నాడట. ఆ సాయంత్రం ఊరు ఊరంతా గని దారికి అడ్డంగా కూర్చున్నారు. మా మామ పంపిన పరుపులు మళ్లీ బయటికి వచ్చాయి, ఈసారి లారీల ముందుకు. ఎవరూ రాయి వేయలేదు. మా ఊళ్లో అప్పటికే రాళ్లు చాలా పడ్డాయి.

ఈ మధ్యలో నేల మారలేదు. గోడలు మారలేదు. గని కూడా అదే గని. నవ్వుకుని అర్జీ మానేసిన మనుషులే వచ్చి లారీల ముందు కూర్చున్నారు. మధ్యలో మారింది మైకులో నేను చెప్పిన మాటలు మాత్రమే. ఇది నాకు భయంగా ఉంది. నేను ఇంత చేయగలనని తెలిస్తే మొదటి కాగితం అంత మెత్తగా చదివేదాన్ని కాదు.

పుకార్లు పుట్టించాడని మా ఆయన మీద కేసు పెట్టి లోపల వేశారు. ఆ గొంతు ఎవరిదని అడిగితే ఆయన చెప్పలేదు. విజయవాడ అమ్మాయి, పేరు తెలియదు అన్నాడట. ఎంత అడిగినా అదే అన్నాడట. ఇంట్లో మా అత్త అన్నం ముద్ద నోటి దాకా తీసుకెళ్లి, "వాడు తిన్నాడో లేదో" అని దించేసేది.

అప్పుడు కిషోర్‌బాబు గారు టైపు కొట్టిన కాగితంతో వచ్చారు. ఈసారి లడ్డూలు లేవు. గొంతు ఎవరిదో తనకు తెలిసినా ఎవరికీ చెప్పలేదని, మా మర్యాద కాపాడానని అన్నారు. "పొరపాటున జరిగిందని రాయించాను. అలవాటు కోసం ఏదో మాట్లాడుకున్నది తెలియక పెన్‌డ్రైవ్‌లోకి పోయిందని. పొరపాటు అంటే ఎవరూ ఏమీ అనరు. సంతకం పెడితే మీ ఆయన ఇంటికొస్తాడు." నన్ను చదవనిచ్చేంత ఓపిక ఎవరికీ లేదు. మా అత్త నా చెయ్యి పట్టుకుని, "పెట్టమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా" అంది. అత్త అంత మాట అన్నాక నేను పెట్టాను. సోమవారం మీ ముందు తల ఊపాను.

మీ గదిలోంచి వచ్చాక దాని నకలు నాకు ఇచ్చారు. ఇంటికి వచ్చి పరుపుల గదిలో కూర్చుని కూడబలుక్కుని చదివాను. పొరపాటు అన్న మాట దగ్గర నేను ఆగలేదు. కిందికి వెళ్తే ఒక వాక్యం ఉంది. "సదరు ఆదెమ్మ తన ఇష్టప్రకారమే ఇంటిలోపల నిద్రించినది." ఆ వాక్యం నేను చాలాసార్లు చదివాను. తన ఇష్టప్రకారమే. చలికి వణుకుతూ కూడా ఆవిడ బయటే పడుకుంది. నా గొంతు విన్నాక లోపలికి వెళ్లింది. వెళ్లాక కూడా నన్ను అడిగింది.

కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను. మూడోసారి మాట్లాడింది పొరపాటు కాదు. మా ఆయన చివరిదే తీసుకుంటాడని నాకు తెలుసు. వినడని తెలుసు. తెలిసే చివర మాట్లాడాను. ఆయనకు తెలియదు. నన్ను దాచడానికే ఆయన లోపల ఉన్నాడు. కేసు ఉంటే నా మీద పెట్టండి. ఈ ఉత్తరం వల్ల ఆయన రావడం ఆలస్యం కావచ్చని తెలిసే రాస్తున్నాను. మా అత్తకు ఇంకా చెప్పలేదు. ఆయన ఇంటికి వచ్చి నన్ను ఏమన్నా పడతాను. గని దారిలో కూర్చున్నవాళ్ల మీద ఏమీ పెట్టవద్దు, వాళ్లు నేను అడగమన్నదే అడిగారు. పెద్దమ్మ చావుకు ఏం పేరు రాస్తారో మీ ఇష్టం. రాసే ముందు బడిలో మిషన్ పెట్టినామెను ఒకసారి పిలిచి అడగండి. తన ఇష్టప్రకారమే అని మాత్రం రాయకండి.

ఇందులో ఉన్నదంతా నేను చేసింది, చూసింది, నా చెవితో విన్నది, మా ఆయనా ఊరివాళ్లూ నాకు చెప్పింది. ఎవరూ చదివించలేదు, ఎవరూ రాసివ్వలేదు. వేలిముద్ర వేయడం లేదు, నా పేరు నేనే రాస్తున్నాను.

మళ్లీ పిలిస్తే వస్తాను. మీరు ఎదురుగా కూర్చుని అడిగితే నేను మళ్లీ తల ఊపుతాను. దయచేసి దాన్ని అవును అని రాసుకోవద్దు. ఒక కాగితమూ కలమూ ఇచ్చి, కాసేపు పక్కగదిలో కూర్చోనివ్వండి.

సోమవారం నా పేరుతో మీకు ఇచ్చిన టైపు కాగితాన్ని కాల్చేయండి. అందులో సంతకం ఒక్కటే నాది.

షేక్ రమీజా
జగ్గయ్యపేట